పురుగు పట్టని పురి

విజయవాడ నుంచి ఏలూరు వైపు జాతీయ రహదారి మీద ఓ 20 కిలోమీటర్లు వస్తే గన్నవరం. ఇప్పుడు ఆ పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది విమానాశ్రయమే. రన్‌వే పక్కనే పొలాలు, పొలాల పక్కనే ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి మధ్య అపార్ట్‌మెంట్లు. అయినా ఊరి అసలు స్వభావం తెలియాలంటే రోడ్డు దిగి నడవాలి. ఉత్తరానికి వెళితే ఎర్రనేలలు, మామిడి తోటలు, మెట్ట చేలు. దక్షిణానికి దిగితే ఏలూరు కాలువ, ఇంకొంచెం పోతే రైవస్ కాలువ, కనుచూపు మేర వరి. మెట్టకూ డెల్టాకూ మధ్య గడపలాంటి ఊరిది.

డిసెంబరులో వస్తే రోడ్ల అంచుల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. బుద్ధవరం, ఉప్పులూరు, కంకిపాడు... ఎటు చూసినా తారు మీద పసుపు రంగు పట్టాలు పరిచినట్టు ధాన్యం. పగలంతా ఎవరో ఒకరు కాలితో చాళ్లు తీస్తూ ఎండబెడుతుంటారు. సాయంత్రానికి పోగుచేసి పరదాలు కప్పుతారు. ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ పరుగు!

ఇదే నేల మీద ఒకప్పుడు ఈ హడావుడి లేదు. ధాన్యం ఏడాది పొడుగునా రైతు వాకిట్లోనే ఉండేది. గోదాము లేదు, సిమెంటు గోడ లేదు, మందు బిళ్లా లేదు. ఉన్నదల్లా ఎండుగడ్డి. దాంతోనే కట్టేవారు... పురి!

వెంటి మీద వెంటి

నలభై ఏళ్ల లోపు వాళ్లకు పురి అంటే ఏమిటో చెప్పాల్సిందే. ఎండు వరిగడ్డిని లావుపాటి తాడుగా పేనుతారు. దాన్ని వెంటి అంటారు. ఒకరు గడ్డి అందిస్తుంటే, ఇంకొకరు కర్రకు తగిలించి మెలితిప్పుకుంటూ వెనక్కి నడుస్తారు. వాకిట్లో ఎత్తయిన చోటు చూసి కింద రాళ్లో దుంగలో పరిచి, వాటి మీద మందంగా గడ్డి వేసి, చుట్టూ మొదటి వరస వెంటి తిప్పుతారు. లోపల ధాన్యం పోస్తారు. పోసినంత మేరా ఇంకో చుట్టు. మళ్లీ ధాన్యం. ఒక మనిషి లోపల నిలబడి కాళ్లతో తొక్కుతూ ఉంటే, బయటివాళ్లు వెంటిని బిగించి లాగుతుంటారు. ధాన్యం బరువుకు వెంటి ఇంకా బిగుస్తుంది. వెంటి బిగువుకు ధాన్యం కదలదు. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే కట్టడమన్నమాట. చివర గొడుగులా గడ్డి కప్పేస్తే వాన చుక్క లోపలికి దిగదు.

పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల చూపు పిల్లకన్నా ముందు పురి మీద పడేదంటే నమ్మొచ్చు. ఆ ఇంటి ఏడాది భోజనం, అప్పూ సొప్పూ, పండగల ఖర్చూ అన్నీ ఆ గడ్డి గోపురంలోనే ఉండేవి మరి.

కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో గాదెలుండేవి. ఇంట్లోవాళ్ల తిండికి వెదురు బుట్టల్లాంటి గరిసెలు, లోపలా బయటా పేడా మట్టీ కలిపి అలికినవి. రాయలసీమ, తెలంగాణ మెట్టల్లోనైతే జొన్నలకు పాతర. నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజ పోసి, మట్టితో మూసేయడమే. కృష్ణా డెల్టాలో పాతర కుదరదు. కాలువ కింది నేలల్లో కొద్ది అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అందుకే ఇక్కడి ధాన్యం నేల కిందికి కాకుండా నేల మీదికి ఎక్కింది.

పంటికి తెలిసిన లెక్క

పురుగు మందు లేకుండా అంత ధాన్యం ఎలా ఆగేది? రహస్యం పురిలో కన్నా పురికి ముందు జరిగిన పనిలో ఉంది.

కోసిన పంటను పనలుగా చేలోనే నాలుగైదు రోజులు ఆరనిచ్చేవారు. తర్వాత కట్టలు కట్టి కుప్ప వేసేవారు. సంక్రాంతి ముందో వెనకో కుప్ప విప్పి, పశువుల్ని బంతి కట్టి తొక్కించి, గాలికి తూర్పారబట్టేవారు. కోతకూ పురికీ మధ్య వారాల తరబడి ఎండా గాలీ తగిలేవన్నమాట. అప్పటికి గింజలో తేమ బాగా దిగిపోయేది. కొలవడానికి మీటరేమీ లేదు. గింజను పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో ఎండ పడాల్సిందే.

శాస్త్రం చెప్పేదీ ఇదే. గింజలో తేమ 12, 13 శాతానికి దిగితే నిలవకు ఢోకా లేదు. 14 దాటిందంటే బూజుకు, పురుగుకు తలుపు తీసినట్టే. 10 శాతం లోపు ఉన్న గింజలో ముక్కుపురుగు పిల్లల్ని పెట్టలేక చతికిలపడుతుంది.

ఈ ముక్కుపురుగు మామూలుది కాదు. బియ్యంలో, గోధుమల్లో నల్లగా పాకుతూ కనిపించేది అదే. ఆడపురుగు తన ముక్కుతో గింజకు చిన్న బెజ్జం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. బయటికి గింజ నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల పిల్లపురుగు పిండి తింటూ పెరిగి, మన వేడి వాతావరణంలో నెల, నెలా పదిరోజుల్లో పెద్దపురుగై బయటికొస్తుంది. ఒక్కటే తన జీవితకాలంలో 300 దాకా గుడ్లు పెడుతుంది. జూన్‌లో పది పురుగులుంటే దసరా నాటికి ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. పైగా ఇవి ఊపిరి పీలుస్తాయి కదా, ఆ శ్వాసకు వేడీ తేమా పుడతాయి. తేమ పెరిగేకొద్దీ పురుగు, పురుగు పెరిగేకొద్దీ తేమ! అందుకే అనుభవజ్ఞులైన రైతులు అప్పుడప్పుడూ పురిలోకి చెయ్యి దూర్చి చూసేవారు. వెచ్చగా తగిలితే ఆ చోట విప్పి, గింజను మళ్లీ ఎండకు వేసేవారు.

ధాన్యానికి ఇంకో రక్షణ దాని పొట్టు. గట్టి ఊక ఉన్నంతకాలం ముక్కుపురుగుకు లోపలికి దారి దొరకడం కష్టం. అందుకే పాతకాలం ఇళ్లలో బియ్యం నిలవ చేసేవారు కాదు, వడ్లు నిలవ చేసేవారు. నెలకు సరిపడా దంచుకోవడం, తర్వాతి రోజుల్లో మిల్లుకు వేసి ఆడించుకోవడం. ఊకను దాటి రాగలిగేది వడ్లచిలుక ఒకటుంది, చిన్న రెక్కల పురుగు. అయితే అది పోగు లోతుకు వెళ్లలేదు, పై అడుగు మందంలోనే తిరుగుతుంది. బిగుతుగా తొక్కిన పురిలో దాని ఆటలు పైపైనే.

ఇక పందికొక్కులు. వాటికి పురి అయినా, గాదె అయినా ఒకటే. ‘గాదె కింద పందికొక్కు’ అన్న మాట ఊరికే పుట్టలేదు. వాటిని పట్టడానికి యానాదుల్ని పిలిచేవారు. బొరియకు పొగ పెట్టి పందికొక్కుల్ని పట్టడమే కాదు, అవి లోపల దాచుకున్న ధాన్యాన్ని కూడా తవ్వి తీయడం వాళ్లకు తెలిసిన విద్య.

కొత్త బియ్యం ముద్ద, పాత బియ్యం ముద్దు

నిలవ చేయడం వెనక భయమూ ఉంది, రుచీ ఉంది.

భయం సంగతి ముందు. 1832-33 నాటి కరువును ఈ ప్రాంతంలో డొక్కల కరువన్నారు. డొక్కలు ఎండిన మనుషులు దారుల వెంట పడిపోయారు. గుంటూరు జిల్లా అప్పటి జనాభా అయిదు లక్షలైతే, లక్షన్నరకు పైగా చనిపోయారన్నది చరిత్రలో నమోదైన అంచనా. ఆ తర్వాతే కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. 1855లో ఆనకట్ట పూర్తయింది, కాలువలు పారాయి, డెల్టా అన్నపూర్ణ అయింది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ నీళ్లొచ్చాక కూడా ‘ఏడాది తిండి ఇంట్లో ఉండాలి’ అన్న పట్టుదల తరాల పాటు పోలేదంటే, ఆ జ్ఞాపకం ఎంత లోతైనదో మరి.

రుచి సంగతి ఇంటి ఆడవాళ్లకు బాగా తెలుసు. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దముద్దగా, జిగటగా వస్తుంది. ఆరు నెలలో, ఏడాదో నిలవ ఉన్న వడ్లు ఆడిస్తే మెతుకు మెతుకు విడివిడిగా పొడిపొడిగా వస్తుంది. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పాతబడ్డాక తింటేనే దాని గొప్పతనం తెలుస్తుంది. కిరాణా కొట్లలో ‘పాత బియ్యం’ అని బస్తాకు ఎక్కువ తీసుకునేది ఇందుకే. ఒకప్పుడు రైతు పురిలో ఊరికే పాతబడిన బియ్యమే ఇది. ఆ అదనపు ధర ఇప్పుడు నిలవ చేసుకోగలిగినవాడికే వెళుతుంది.

పురి పోయింది ఎలాగంటే...

ఒక్క రోజులో పోలేదు. ముందు కోత యంత్రాలొచ్చాయి. కూలీలు దొరకని రోజుల్లో అవి రైతుకు ఊపిరి పోశాయన్నది నిజం. కానీ యంత్రం పచ్చి పైరు మీదే కోసి, నూర్చి, గింజను ట్రాక్టర్‌లో పోసేస్తుంది. పన ఆరడం లేదు, కుప్ప లేదు. గింజలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. అలాంటి ధాన్యంతో పురి కడితే నాలుగు రోజుల్లో ఆవిర్లు కక్కుతుంది. పైగా యంత్రం వదిలే గడ్డి నలిగిపోయి ఉంటుంది, వెంటి పేనడానికి పనికిరాదు. పేనే చేతులూ పోయాయి. కట్టించుకోవాలనుకున్నా కట్టేవారేరీ?

అందుకే రోడ్డు మీద ఆ ఆరాటం. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. అంతకు దిగేలోపు వాన పడితే? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టా రైతులు చూసింది అదే. చేలో ఉన్నది పడిపోయింది, కోసినది తడిసింది, కల్లాల్లో గింజ మొలకెత్తింది, రంగు మారింది. దాచుకునే చోటు లేనివాడు అమ్ముకునే రోజును ఎంచుకోలేడు. ఆ రోజుకు ఎంతిస్తే అంతే.

డబ్బాలో గోధుమలు

పురి పోయినా నిలవ విద్య పూర్తిగా పోలేదు. వాకిట్లోంచి వంటింట్లోకి, వడ్లలోంచి గోధుమల్లోకి మారింది!

గన్నవరం చుట్టుపక్కల గోధుమ పండదు. ఒకప్పుడు గోధుమలంటే పండగ హల్వాకో, జ్వరపడినవాళ్ల రొట్టెకో కొనేవి. ఇప్పుడు షుగరు పుణ్యమా అని సగం ఇళ్లలో రాత్రిపూట రెండు పుల్కాలే భోజనం. ప్యాకెట్ పిండి నచ్చనివాళ్లు ఏడాదికి సరిపడా గోధుమలే కొనుక్కుంటున్నారు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చే కొత్త పంట వేసవిలో విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కు దిగుతుంది. అక్కడి నుంచి బస్తాలు ఆటోల్లో ఇళ్లకు చేరతాయి.

ఇక్కడే చిక్కు. గోధుమకు వడ్లలాగా ఊక ఉండదు, నూర్పిడిలోనే పోతుంది. ఒట్టి గింజ. ముక్కుపురుగుకు విస్తరి వేసి పిలిచినట్టే. అదీగాక ఉత్తరాదిలో పొడిగా ఉండే గింజ ఇక్కడి ముసురుకు గాలిలోని తేమను తాగేస్తుంది. పంజాబులో మట్టి కొఠీల్లో హాయిగా ఆగే గోధుమ కృష్ణా తీరంలో శ్రావణానికే పుచ్చుతుందంటే తప్పు గింజది కాదు, గాలిది.

అయితే ఈ ఊరికి దేవుడిచ్చిన మందు ఒకటుంది. ఎండ! గోధుమ ఇంటికొచ్చేదీ, రోళ్లు పగిలే రోహిణీ కార్తె వచ్చేదీ ఒకే కాలంలో. తెలిసిన ఇల్లాళ్లు ముందు గోధుమల్ని చాటలో చెరిగి, జల్లెడ పట్టి, నూకా దుమ్మూ తీసేస్తారు. ఇది శుభ్రత కోసమే అనుకుంటాం కానీ, పిండిపురుగుకు గట్టి గింజ కొరుకుడు పడదు, విరిగిన ముక్కలుంటేనే బతుకుతుంది. తర్వాత డాబా మీద పల్చగా పరిచి రెండు మూడు ఎండలు. కింద నల్లటి పట్టా వేస్తే వేడి ఇంకా ఎక్కువ. గింజ 50 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే లోపల దాక్కున్న గుడ్లూ పిల్లపురుగులూ చాలావరకు చచ్చిపోతాయి. ఏ వేపాకూ చేయలేని పని ఇది. విత్తనానికి దాచేదైతే మాత్రం ఇంత వేడి కూడదు, మొలక దెబ్బతింటుంది.

ఎండ నుంచి తీసిన వేడి గింజను వెంటనే డబ్బాలో పోయడం చాలామంది చేసే తప్పు. చల్లారేటప్పుడు డబ్బా గోడలకు చెమ్మ పడుతుంది, అక్కడ బూజు మొదలవుతుంది. నీడలో పూర్తిగా చల్లారాలి. ఆరిందో లేదో తెలియాలంటే సులువైన పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల ఎండిన ఉప్పు వేసి బాగా ఊపి, కాసేపు ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఉన్నట్టు. జారిపోతే నిశ్చింత.

డబ్బా కూడా అంచు దాకా నిండాలి. ఖాళీ ఉంటే గాలి, గాలి ఉంటే పురుగుకు ఊపిరి. వంద కిలోలు పట్టే పెద్ద డ్రమ్ము ఒకటి కన్నా ఇరవై కిలోల డబ్బాలు అయిదు మేలు. పెద్దది రోజూ తెరుస్తుంటే రోజూ ముసురు గాలి లోపలికి వెళుతుంది. చిన్నవైతే ఒకటి అయ్యేదాకా మిగతావి మూతపడే ఉంటాయి. డబ్బాల్ని గోడకు ఆనించకుండా చెక్క మీద పెట్టాలన్నది పాత మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాక, ఎత్తున పెట్టాలన్న మాట కూడా దానికి చేర్చాలి.

మరి వేపాకు? ఆముదం? ఎండు మిరపకాయలు? వీటిలో ఆముదానికే ఎక్కువ మార్కులు. కందిపప్పుకు ఆముదం పట్టించడం తెలుగు ఇళ్లలో ఉన్నదే, గుజరాతీ ఇళ్లలో గోధుమలకే పట్టిస్తారు. కిలోకు ఒక చెంచా చాలు. గింజ మీద పల్చటి నూనె పొర ఉంటే గుడ్డు అంటుకోదు, పెట్టినదానికి ఊపిరాడదు. వేపాకు బయటి పురుగును కొంత దూరం పెడుతుందేమో కానీ, గింజ లోపల ఉన్నదాన్ని చంపలేదు. పైగా పచ్చి వేపాకు వేశారంటే తేమను చేతులారా డబ్బాలో పెట్టినట్టే. వేస్తే నీడన ఎండినవే వేయాలి.

బిళ్ల ప్రాణం తీస్తుంది

ఇంత శ్రమ ఎందుకు, ఒక బిళ్ల వేస్తే పోదా అనేవాళ్లుంటారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. గోదాముల్లో, శిక్షణ ఉన్నవాళ్లు, గాలి చొరబడని కవర్లు కప్పి వాడాల్సిన మందిది. మూడు గ్రాముల బిళ్ల నుంచి ఒక గ్రాము విషవాయువు వస్తుంది. మనుషులు పడుకునే గదిలో బియ్యం బస్తాలో వేస్తే పురుగుతో పాటు మనిషీ పోతాడు. దేశంలో ఎన్నో ఇళ్లలో పసిపిల్లలు ఇలాగే కన్నుమూశారు. దీనికి విరుగుడు మందు లేదు. సామాన్యులకు దీన్ని అమ్మకూడదని నిబంధన ఉన్నది అందుకే.

ఒక తరం ముందు బీహెచ్‌సీ పొడి ఉండేది. గమేక్సిన్ అనేవారు. తెల్లటి ఆ పొడిని బస్తాల చుట్టూ చల్లిన ఇళ్లు లెక్కలేనన్ని. 1997లో దేశం దాన్ని నిషేధించింది.

ఊపిరి ఆపే సంచి

విచిత్రమేమిటంటే, కొత్త శాస్త్రం చివరికి పాతర దగ్గరికే వచ్చింది. మూసిన పాతరలో గింజా పురుగూ కలిసి ఉన్న ప్రాణవాయువును పీల్చేస్తాయి, బొగ్గుపులుసు గాలి నిండుతుంది, పురుగు చస్తుంది. పాతర తెరిచిన వెంటనే అందులోకి దిగకూడదని పెద్దలు హెచ్చరించేది ఇందుకే, దిగిన మనిషికీ ఊపిరాడదు. 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందలు పుచ్చిపోకుండా అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే సూత్రంతో మూడు పొరల సంచి తయారుచేశారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు గోనెలాంటిది. ఒక్కో మూతీ మెలితిప్పి గట్టిగా కట్టేస్తే కొద్ది వారాల్లో లోపలి పురుగులు నిలిచిపోతాయి. మందు చుక్క లేదు. అలాంటి సంచులు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. ఢిల్లీలోని పూసా సంస్థ అంతకు ముందే మట్టి ఇటుకల రెండు గోడల మధ్య పాలిథిన్ షీటు పెట్టి గాదె కట్టే పద్ధతి చెప్పింది. షరతు మాత్రం పాతదే... గింజ ముందే ఎండి ఉండాలి. తడి గింజను బిగించి కడితే పురుగు చస్తుంది కానీ గింజ పులుస్తుంది.

గన్నవరం దారుల్లో ఇప్పుడు పురి కనిపించడం అరుదు. ప్రకృతి సేద్యం చేస్తూ నవార, మాపిళ్లై సాంబ లాంటి దేశీ రకాలు పండించే రైతుల ఇళ్లలో మాత్రం నిలవ మళ్లీ అవసరమైంది. వాళ్ల బియ్యం తక్కువ పాలిష్‌వి, తవుడుతో ఉంటాయి, పురుగు త్వరగా పడుతుంది. మందు వాడమని చెప్పి అమ్మేవాళ్లు నిలవలో మాత్రం బిళ్ల ఎలా వేస్తారు? అందుకని వడ్లుగానే ఉంచి, ఎవరెన్ని అడిగితే అన్నే ఆడించి పంపుతారు.

ఊళ్లోకి వస్తే, రోహిణీ కార్తె వెళ్లి మొదటి జల్లులు పడే వేళకు డాబాలు ఖాళీ అయిపోతాయి. డబ్బాల మూతలకు గుడ్డ చుట్టి బిగించేస్తారు. శ్రావణంలో ఓ ఉదయం మొదటి డబ్బా తెరుస్తారు. చాటలో పోసి, వేళ్లతో కెలికి, ముందుగా ఒక గింజ తీసి పంటి కింద పెడతారు. టక్కుమంటే, మిగతాది క్యాన్‌లో పోసుకుని పిండి మరకు బయల్దేరడమే.